కొమ్ములు కావాలి, మేము అక్కర్లేదా?

పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ఆగస్టు 9న రాజమండ్రిలో ఒక మీటింగులో కొమ్ము డాన్స్ వెయ్యడానికి 20 మంది కుర్రాళ్ళు కావాలని మా హాస్టల్‌కి ఫోన్ వచ్చింది. బండి పంపుతారంట, భోజనం పెడతారంట. గ్రూపులో చాలామంది "వెళ్ళండ్రా, మన కల్చర్ కదా" అన్నారు. మేము వెళ్ళం అన్నాం. ఎందుకో అర్థం కావాలంటే జిమ్ థోర్ప్ గురించి తెలియాలి.

థోర్ప్ అమెరికా ఆదివాసీ, సాక్ అండ్ ఫాక్స్ తెగ. మనలాగే హాస్టల్ పిల్లాడు. ఆయన చదివిన కార్లైల్ బడిలో చేరగానే జుట్టు కత్తిరించేవాళ్ళు, సొంత భాష మాట్లాడనిచ్చేవాళ్ళు కాదు. పిల్లల్లో ఆదివాసీని చంపి మనిషిని మిగల్చాలన్నది ఆ బడి పెట్టిన ప్రాట్ అనే ఆఫీసర్ సిద్ధాంతం. 1911లో ఆ బడి టీమే హార్వర్డ్‌ని 18-15తో ఓడించింది. ఆట అమెరికన్ ఫుట్‌బాల్, కోడిగుడ్డులాంటి బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తేది.

1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింట్లోనూ బంగారు పతకాలు గెలిచాడు. ఆర్నెల్లకి లాగేసుకున్నారు. అంతకుముందు వేసవి సెలవుల్లో కొద్దిపాటి డబ్బులకి బేస్‌బాల్ ఆడటమే ఆయన నేరం. కాలేజీ తెల్ల కుర్రాళ్ళూ ఆడేవాళ్ళు, కాకపోతే దొంగపేర్లతో. ఈయన సొంత పేరుతో ఆడి దొరికిపోయాడు. ఫిర్యాదు 30 రోజుల్లోపే చెయ్యాలన్న రూలు ఈయన దగ్గర మాత్రం పనిచెయ్యలేదు. ఏకైక విజేతగా మళ్ళీ ఒప్పుకున్నది 2022లో. ఆయన చనిపోయింది 1953లో. లెక్క మీరే వేసుకోండి.

డబ్బు తీసుకున్నాడని గెంటేసిన మనిషినే 1915లో కాంటన్ బుల్‌డాగ్స్ టీమ్ మ్యాచ్‌కి 250 డాలర్లిచ్చి తెచ్చుకుంది. జనం ఎగబడ్డారు. 1920లో ప్రొఫెషనల్ లీగ్ పెట్టినప్పుడు మొదటి ప్రెసిడెంట్‌గా ఆయన పేరే పెట్టుకున్నారు. ఇవాళ కోట్లు పండిస్తున్న ఎన్‌ఎఫ్‌ఎల్ అదే.

మమ్మల్ని కదిలించింది మాత్రం 1922 సంగతి. ఒహాయోలో లింగో అనే కుక్కల వ్యాపారి తన కుక్కల అమ్మకం పెంచుకోడానికి అంతా ఆదివాసులతోనే ఒక టీమ్ కట్టాడు. పేరు ఊరాంగ్ ఇండియన్స్, నడిపింది థోర్ప్. హాఫ్ టైమ్‌లో మిగతా టీములు రెస్ట్ తీసుకుంటుంటే వీళ్ళు తమ వేషాలు కట్టి డాన్స్ చెయ్యాలి, గొడ్డళ్ళు విసరాలి, కుక్కలతో షో చెయ్యాలి. రెండు సీజన్లలో గెలిచింది 4 మ్యాచ్‌లే. ఓనర్‌కి దిగులేముంది? కుక్కలకి ప్రచారం వచ్చింది, అంతే. అప్పటికి అక్కడ ఆదివాసులందరికీ పౌరసత్వం కూడా లేదు, 1924లో ఇచ్చారు.

థోర్ప్‌ని తప్పుపట్టట్లేదు, ఇల్లు గడవాలి కదా. పైగా లింగో జీతమైనా ఇచ్చాడు!

పోయినేడు మేమూ వెళ్ళాం. ఎండలో రెండు గంటలు కొమ్ములు పెట్టుకుని, డోలు మోసుకుని ఆడాం. ఫోటోలు దిగారు. స్టేజీ మీద కుర్చీల్లో మనవాడు ఒక్కడు లేడు. బస్సుల వెనకాల కూర్చుని తిన్నాం. పరుగు పందేలకి బూట్లు, ప్రాక్టీసుకి గ్రౌండు అడుగుతూ అదే వారం ఇచ్చిన కాగితానికి ఇప్పటిదాకా జవాబు లేదు. "మీకు బూట్లెందుకురా, కొండల్లో పుట్టినోళ్ళు" అని నవ్వినాయన కూడా ఉన్నాడు.

కల్చర్ అంటారా? ఊళ్ళో పెళ్ళికి, భూమి పండక్కి ఎవరూ పిలవకుండానే కొమ్ములు కట్టుకుంటాం. అక్కడ చూసేవాళ్ళూ ఆడేవాళ్ళూ ఒకటే. మీటింగులో మనం ఆడాలి, వాళ్ళు చూడాలి. హాఫ్ టైమ్ అయ్యాక మనతో పని లేదు.

నిన్న సాయంత్రం ఆ నంబరుకి మేమే ఫోన్ చేశాం. "20 మందిమీ వస్తాం సార్. మా సీనియర్ అక్కకి మైకు పది నిమిషాలు ఇవ్వండి, గ్రౌండు సంగతి ఆవిడ స్టేజీ మీద అడుగుతుంది" అన్నాం. కనుక్కుని చెప్తామన్నారు. ఇంకా ఫోన్ రాలేదు. వస్తే ఇక్కడే పెడతాం.