గ్రూపులో పెట్టే ముందు ఒక్క నిమిషం

మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటి తరం మేము. ఏ దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో చెప్పేవాళ్లు ఇంట్లో లేరు. ఆ లోటును హాస్టల్ వాట్సాప్ గ్రూపు తీర్చింది. ఈపాస్ స్కాలర్‌షిప్ గడువు, కాకతీయ యూనివర్సిటీ పరీక్షల టైంటేబుల్, ఉద్యోగ నోటిఫికేషన్లు అన్నీ అందులోనే తెలిశాయి. కాబట్టి సోషల్ నెట్‌వర్కులు వద్దనడం న్యాయం కాదు.

అయితే మేము చేసిన పొరపాటూ ఉంది. పని త్వరగా అవుతుందని ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, బ్యాంకు పాస్‌బుక్కు ఫొటోలు తీసి గ్రూపులోనే పెట్టాం. అవి ఇప్పుడు ఎవరెవరి ఫోన్లలో ఉన్నాయో మాకే తెలియదు.

ఒకరి అజాగ్రత్త ఒకరితో ఆగదు. కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారంలో సుమారు 5.62 లక్షల మంది భారతీయుల వివరాలు బయటికి పోయి ఉండవచ్చని 2018లో ఫేస్‌బుక్ చెప్పింది. వారిలో ఆ యాప్ వేసుకున్నది 335 మందే. మిగతావారంతా వాళ్ల స్నేహితులు!

"పేదోళ్లం, దాచుకోవడానికి మనకేముంది?" అంటారు కొందరు మిత్రులు. ఖాతాలో పడే స్కాలర్‌షిప్ ఉంది, చెల్లెలి ఫొటో ఉంది, మన పరువు ఉంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు చెప్పింది. అది బంగళాల్లో ఉండేవాళ్లకే కాదు, ఒకే గదిలో పదిమంది సర్దుకునే మనకూ హక్కే.

మిత్రులారా! కాగితాలు అడిగినవారికి నేరుగా ఇద్దాం. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. మోసపోతే సిగ్గుపడకుండా వెంటనే 1930కి ఫోన్ చేద్దాం. హాస్టల్‌లో అందరం కలిసే తింటాం, అయినా పెట్టెకు తాళం వేసుకుంటాం. అది స్నేహం తక్కువై కాదు కదా!