మాయాదేవి కలా, మన గార్బేజ్ కలెక్షనూ

కల అంటే ఏమిటని ఏ సాఫ్ట్‌వేర్ మనిషినైనా కదిపి చూడండి. "ఏముంది బాసూ, మెదడు చేసుకునే గార్బేజ్ కలెక్షన్" అంటాడు. ఈ మాట గాల్లోంచి ఊడిపడిందేం కాదు. డీఎన్ఏ నిర్మాణం కనిపెట్టిన వాళ్ళలో ఒకడైన ఫ్రాన్సిస్ క్రిక్, గ్రేమ్ మిచిసన్‌తో కలిసి 1983లో నేచర్ పత్రికలో దాదాపు ఇదే ప్రతిపాదించాడు. మెదడులో పేరుకుపోయిన పనికిరాని లింకుల్ని చెరిపేసే పని కలల నిద్రలో జరుగుతుందని. మన వృత్తికి భలే నప్పే సిద్ధాంతం. నప్పింది కదా అని అక్కడితో ఆలోచించడం మానేస్తాం చూడండి, నా పేచీ అక్కడే.

ఎందుకంటే కలని రాతిలో చెక్కిన నేల మాది. గుంటూరు పేరు చెబితే మిర్చి యార్డూ, పత్తి రేట్లూ తప్ప ఇంకేం గుర్తు రావు జనానికి (మాకూ రావు లెండి). కానీ ఓ గంట ప్రయాణం చేస్తే అమరావతి. అక్కడి స్తూపం నుంచి వెళ్ళిన ఒక పలక ఇప్పుడు లండన్‌లో, బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. పలకలో నాలుగు గడులు. ఒకదాంట్లో మాయాదేవి పడుకుని ఉంది, తెల్ల ఏనుగు తనలోకి ప్రవేశించినట్టు కలగన్న రాత్రి అది. మంచానికి నాలుగు మూలలా లోకపాలకులు కాపలా కాస్తున్నారు. ఇంకో గడిలో ఆ కలకి అర్థం చెప్పించుకుంటున్నారు. మరోదాంట్లో బుద్ధుడి పుట్టుక. తమాషా ఏమిటంటే, పుట్టిన బిడ్డ మాత్రం కనపడడు! దేవతలు పట్టుకున్న బట్ట మీద చిన్ని పాదాల గుర్తులు, అంతే.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. కలగనేవాళ్ళకి కనిపించేది ఏనుగు. తాను నిద్రపోతున్న సంగతీ, చుట్టూ ఎవరు నిలబడ్డారన్నదీ వాళ్ళకి కనపడవు. శిల్పి సరిగ్గా వాటినే చెక్కాడు. అంటే కలని కాపీ కొట్టలేదు. ఒక్కరికే కనిపించినదాన్ని ఊరందరికీ ఎలా చూపించాలన్న చిక్కుముడిని విప్పుకున్నాడు. ఇంతకంటే పాతదైన భర్హుత్ శిల్పంలో ఇదే ఘట్టానికి ఉన్న బ్రాహ్మీ శాసనం "భగవంతుడి అవతరణ" అన్న అర్థంలో ఉంటుంది, కల అన్న మాటే ఉండదు. వాళ్ళకి కల వేరు, జరిగింది వేరు కాదన్నమాట.

ఇప్పుడు సైన్సు వైపు వద్దాం. 2013లో జపాన్‌లో, క్యోటో దగ్గర, ముగ్గురిని ఎఫ్ఎంఆర్ఐ మెషిన్లో పడుకోబెట్టారు. నిద్ర పట్టగానే లేపి "ఏం కనపడింది?" అని అడగడం, మళ్ళీ పడుకోబెట్టడం. ఒక్కొక్కరిని రెండొందల సార్లు! చివరికి మెదడు సిగ్నల్స్ చూసి కలలో మనిషి ఉన్నాడా, కారు ఉందా అన్న స్థాయిలో కొంతవరకు చెప్పగలిగారు. గొప్ప పనే, కాదనను. అదే మెషిన్ మాయాదేవికి తగిలిస్తే "ఏనుగు, ఉంది" అని ప్రింటయ్యేది. ఆ పలక మాత్రం వచ్చేది కాదు.

వి.ఎస్. రామచంద్రన్ ఇంకో దారిలో వచ్చాడు. 1999లో విలియం హర్‌స్టీన్‌తో కలిసి రాసిన వ్యాసంలో చోళుల పార్వతి విగ్రహాన్ని "పీక్ షిఫ్ట్"తో వివరించాడు. చతురస్రాన్ని వదిలి దీర్ఘచతురస్రాన్ని ఎంచుకోమని ఎలుకకి నేర్పితే, అంతకంటే సాగదీసిన దీర్ఘచతురస్రానికి అది ఇంకా ఎగబడుతుంది. కళ కూడా అలాంటి అతిశయమేనంటాడు. అమరావతి బొమ్మల పొడుగాటి కాళ్ళూ, ఒంపులూ చూస్తే నిజమే అనిపిస్తుంది. కళ్ళు ఎందుకు ఆగిపోతాయో ఇది చెబుతుంది. ఏనుగు కథ చెప్పి బిడ్డని ఎందుకు దాచారో చెప్పదు. 2015లో గూగుల్ వాళ్ళ డీప్‌డ్రీమ్ గుర్తుందా? నెట్‌వర్క్‌కి లీలగా తోచినదాన్ని పెంచుకుంటూ పోతే మబ్బుల్లో కుక్కల మొహాలు మొలిచాయి, ట్రైనింగ్ డేటాలో కుక్కలు ఎక్కువ కాబట్టి. అది అచ్చంగా అతిశయమే. వదిలేయడం దానికి రాదు.

అలాగని సైన్సుని తోసిపారేయడం లేదు. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మన ఇళ్ళలో అంటారు. నిజమవడం సంగతి అలా ఉంచితే, ఎక్కువ కలలొచ్చే రెమ్ నిద్ర రాత్రి చివరి భాగంలోనే దట్టంగా ఉంటుంది, అందులోంచి లేస్తే కల గుర్తుంటుంది కూడా. మన అమ్మమ్మలు ఈఈజీ లేకుండానే పట్టేశారు. ఇంకోటి, రెమ్ నిద్రలో తర్కం చూసుకునే ముందు మెదడు భాగాలు కాస్త మందగిస్తాయి. అందుకే ఏనుగు కడుపులోకి దూరినా "అదెలా?" అని అడిగే నాథుడు ఉండడు. శిల్పాల్లో రాణి చుట్టూ చెలికత్తెలు కునికిపాట్లు పడుతుంటే నాకు అదే గుర్తొస్తుంది. (ఇది నా పైత్యం, శిల్పికి అంటగట్టకండి.)

మనం చేస్తున్నదేమిటి? కాల్స్ కోసం, పొద్దున్నే స్టాండప్ కోసం ఆ చివరి రెండు గంటలే కోసేస్తున్నాం. ఎనిమిది గంటల్లో రెండు పోతే పావు వంతేగా అనుకోవద్దు, రెమ్ లెక్కలో అంతకంటే చాలా ఎక్కువ పోతుంది. చెత్త ఎత్తడమే కల పని అని నమ్మేవాడికి ఇందులో బాధేమీ ఉండదు, చెత్తేగా. నాకు ఉంది.

అమరావతి దిబ్బలోంచి ఎన్నో సున్నపురాతి పలకల్ని సున్నం కోసం కాల్చేశారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసుకీ, అక్కణ్ణించి కొన్ని లండన్‌కీ వెళ్ళాయి. అప్పట్లో ఆ రాళ్ళకీ ఒక ఉపయోగం చూశారు మరి, సున్నం అవుతాయని.

లండన్ పోలేని వాళ్ళకి చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో బోలెడు అమరావతి శిల్పాలున్నాయి. శుక్రవారం మాత్రం వెళ్ళకండి, సెలవు.