పుస్తకాల అర: తర్వాత ఏమైంది?

మన ఇళ్లలో షోకేసులో పెట్టే పుస్తకాలు వేరు, దిండు కింద పెట్టుకునే పుస్తకాలు వేరు. పోతన గారు, విశ్వనాథ వారు, కృష్ణశాస్త్రి గారు వచ్చినవాళ్లకి కనపడేటట్టు అద్దాల అలమరలో ఉంటారు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, మాంత్రికులు, దెయ్యాలు, గ్రహాంతరవాసులు దిండు కిందకి పోతారు. ఈసారి ఈ శీర్షిక మొత్తం దిండు కింద పుస్తకాలకే కేటాయిస్తున్నాను. అరవై దాటినదాన్ని, ఇంకా మొహమాటమేమిటి చెప్పండి!

జానపదమూ అపరాధ పరిశోధనా కలగలిసిన నవలలు ఇంగ్లీషులో ఈ మధ్య బాగా వస్తున్నాయి. లోకం ఊహాలోకం, అందులో జరిగే హత్య మాత్రం అసలు సిసలు హత్య. వైట్‌ఫీల్డ్ వైపు మెట్రో 2023లో మొదలైనప్పటినుంచీ సింగయ్యనపాళ్య స్టేషన్‌లో ఎక్కి మెజెస్టిక్‌లో దిగేవరకూ చదువుకోవడం నాకు అలవాటైంది. ఈ మూడు నెలల్లో అలా చదివిన మూడింటి సంగతి ముందు చెబుతాను.

మొదటిది ‘ది టెయింటెడ్ కప్’. అమెరికా రచయిత రాబర్ట్ జాక్సన్ బెనెట్ రాసిన ఈ నవల 2024లో వచ్చింది, 2025లో హ్యూగో బహుమతి అందుకుంది. ఒక సామ్రాజ్యం, దాని అంచున సముద్రం. ఏటా వానల కాలంలో ఆ సముద్రంలోంచి కొండలంతేసి జంతువులు ఒడ్డుకెక్కడానికి వస్తాయి. వాటిని ఆపడానికి పెద్ద పెద్ద గోడలు. ఇంతలో ఒక కలవారి భవంతిలో ఒక అధికారి చనిపోతాడు. ఎలా అనుకున్నారు? ఒంట్లోంచి చెట్లు మొలుచుకొచ్చి! పరిశోధన చేసే అనా అనే ఆవిడ కళ్లకు గంతలు కట్టుకుని ఇంట్లోంచి కదలదు. ఆవిడ తరఫున వెళ్లి చూసి వచ్చేది డిన్ అనే కుర్రవాడు. ఒకసారి చూసినదీ విన్నదీ మరిచిపోకుండా వాడి బుర్రను మార్చారు. చిత్రమేమిటంటే, అన్నీ గుర్తుండే ఆ కుర్రవాడికి అక్షరాలు చదవడం మాత్రం కష్టం. కళ్ల ముందు అవి అటూ ఇటూ కదిలిపోతుంటాయి. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని వాడు పడే అవస్థ నాకు హత్యకంటే ఎక్కువగా మనసుకు పట్టింది. ఎందుకో కొంచెం తర్వాత చెబుతాను.

మొదటి యాభై పేజీల్లో పదవుల పేర్లు, మొక్కల పేర్లు కుప్పపోసినట్టుంటాయి. ఓపిక పట్టండి. ఆ లోకంలో ఏది సాధ్యమో, ఏది కాదో రచయిత ముందే చెప్పేస్తాడు. చివర్లో ముడి విప్పేది కూడా ఆ చెప్పినదానితోనే. ఇలాంటి నవలలకు నేను పెట్టుకున్న కొలత ఇదొక్కటే. ఏ తాడుతో ముడి వేశారో ఆ తాడులోంచే కొస దొరకాలి. ఆఖరి పేజీలో ఎక్కడినుంచో కొత్త మంత్రం తెచ్చి గండం గట్టెక్కించే రచయితను నేను నమ్మను.

రెండోది సుజానా క్లార్క్ గారి ‘పిరనేసి’. ఆవిడ మొదటి నవల 2004లో వచ్చి పెద్ద పేరు తెచ్చుకుంది. తర్వాత దీర్ఘకాలం అనారోగ్యంతో బాధపడ్డారు. పదహారేళ్లకు, 2020లో, ఈ చిన్న నవల వచ్చింది, మరుసటి ఏడు విమెన్స్ ప్రైజ్ గెలిచింది. అంతు లేని ఒక భవనం. గది తర్వాత గది, నిండా శిల్పాలు. కింది అంతస్తుల్లో సముద్రపు పోటు, పై అంతస్తుల్లో మబ్బులు. అక్కడ ఒకడు చేపలు పట్టుకుని తింటూ, రోజూ డైరీ రాసుకుంటూ, హాయిగా బతుకుతుంటాడు. ఒకరోజు తన పాత డైరీలు తిరగేస్తే, తన దస్తూరీలోనే, తనకు ఏమాత్రం గుర్తులేని సంగతులు కనపడతాయి. అక్కడినుంచి నేను పుస్తకం కింద పెట్టలేదు, దిగాల్సిన స్టేషన్ దాటిపోయినా సరే. ఇందులో వెతకాల్సింది హంతకుణ్ణి కాదు, తనెవరో తనే వెతుక్కోవాలి.

మూడోది కొంచెం పాతది, 2009లో వచ్చిన చైనా మియేవిల్ నవల ‘ది సిటీ అండ్ ది సిటీ’. పేరు చూసి చైనా దేశం అనుకునేరు! రచయిత ఇంగ్లండు ఆయన. ఒకే చోట రెండు నగరాలు. ఒక వీధి ఇటుది, పక్క మేడ అటుది. భాషలు వేరు, బట్టలు వేరు. ఇటువాళ్లు అటువాళ్లను చూడకూడదు. కళ్లబడినా చూడనట్టే ఉండాలని చిన్నప్పటినుంచీ నేర్పుతారు. అలాంటిచోట ఒక అమ్మాయి హత్య జరిగితే ఇన్‌స్పెక్టర్ ఏ ఊరివాడై దర్యాప్తు చేయాలి?

మహదేవపురలో ఉన్న మనకు ఇది మరీ వింత కాదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద అద్దాల ఆఫీసులు, వాటి వెనక సందులోకి వెళితే ఊరమ్మ గుడి, ఆవులు, పాత పెంకుటిళ్లు. రెండు ఊళ్లూ ఒకే చోట ఉన్నాయి, ఒకదాన్నొకటి చూసుకోవు. ఈ చుట్టుపక్కల పాత ఊళ్లలో తరతరాలుగా ఇంట్లో తెలుగూ వీధిలో కన్నడమూ మాట్లాడే కుటుంబాలున్నాయి. నిన్నకాక మొన్న ఉద్యోగాలకొచ్చిన మనం వాళ్లతో ఎన్నిసార్లు మాట కలిపాం? ఇక కల్పన అంటారా, బెల్లందూరు చెరువు 2015లో ఒకసారి, 2017లో ఒకసారి, 2018లో మళ్లీ అంటుకుని పొగలు కక్కింది. నీళ్లు మండాయని నవలలో రాస్తే ‘మరీ కోతలు’ అనేవాళ్లం కాదూ!

ఇంతకీ ఇవన్నీ ఇంగ్లీషువాళ్లు కనిపెట్టారనుకుంటే పొరపాటు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి ‘కాశీమజిలీ కథలు’ గుర్తుచేసుకోండి. పన్నెండు భాగాలు. మణిసిద్ధుడు కాశీకి పోతూ ఒక గోపకుమారుణ్ణి తోడు పిలుస్తాడు. ప్రతి మజిలీలోనూ తను అడిగిన కథ చెబితేనే వస్తానంటాడు ఆ కుర్రవాడు. మజిలీ చేరగానే ఊళ్లోకి వెళ్లి ఏదో ఒక వింత చూసి వస్తాడు, ‘అది అలా ఎందుకుంది?’ అని నిలదీస్తాడు. ముందు వింత, తర్వాత దాని వెనక కథ. అపరాధ పరిశోధన నడక సరిగ్గా ఇదే కదా. బేతాళ కథల్లోనూ అంతే. తెలిసి జవాబు చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది.

ఇంకా వెనక్కి వెళితే, పదహారో శతాబ్దంలో పింగళి సూరన రాసిన ‘కళాపూర్ణోదయము’ ఉంది. అసలు రంభ ఒకతె, మాయరంభ ఒకతె. అసలు నలకూబరుడొకడు, మాయనలకూబరుడొకడు. ఎవరు ఎవరో తేలదు. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ ఒకటుంది, దాన్ని బయట ఎవరూ చెప్పకూడదు. ఆ కథ భూమ్మీద నిజంగా జరుగుతూపోతుంది. ముందు జరిగింది వెనక, వెనక జరిగింది ముందు చెప్పి చివరికి అన్ని కొసలూ కలుపుతాడు సూరన. నేను పెట్టుకున్న తాడు కొలతకు నూటికి నూరు మార్కులు. వెల్చేరు నారాయణరావు గారు, డేవిడ్ షుల్మన్ గారు కలిసి దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు, 2002లో అమెరికాలో అచ్చయింది. మన పిల్లలు మన నవలలాంటి కావ్యాన్ని అందుకోవడానికి ఇప్పుడు ఆ ఇంగ్లీషు మెట్లే ఎక్కాలి. ఆ మెట్లున్నందుకు సంతోషం. అవే మిగిలితే మాత్రం బాధ.

మా తరం ఎక్కిన మెట్లు వేరు. 1954లో చందమామలో ‘తోకచుక్క’ సీరియల్ మొదలైంది. కుండలినీ ద్వీపం, సేనాని సమరసేనుడు, మాంత్రికులు ఏకాక్షి, చతుర్నేత్రుడు, వాటికి చిత్రా గారి బొమ్మలు. తర్వాత ‘మకరదేవత’, ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘మాయాసరోవరం’ ఇలా ఏళ్ల తరబడి వచ్చాయి. ఇవన్నీ రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారు. సీరియల్ కింద పేరుండేది కాదు. ఆయన 2010లో పోయారు. ఏకాక్షి పేరు తెలిసిన ఇళ్లలో కూడా ఆయన పేరు చాలామందికి తెలియదు. అందుకే ఇక్కడ పనిగట్టుకుని రాస్తున్నాను.

పెద్దవాళ్ల వరసలో 1980ల మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘తులసిదళం’ వచ్చింది. పాప తులసిని పీడిస్తున్నది చేతబడా, జబ్బా? ఒకవైపు మాంత్రికులు, ఒకవైపు డాక్టర్లు. పాపను కాపాడింది ఎవరన్నది పాఠకుడి తీర్పుకు వదిలేశారు. అది నిజాయితీ అనేవారున్నారు, తప్పించుకోవడం అనేవారున్నారు. నేను మొదటి పక్షం. కన్నడంలోకి వెళ్లి అక్కడా బ్రహ్మాండంగా చదివించుకుంది. బదులుగా కన్నడం మనకివ్వగలిగినవి కూడా ఉన్నాయి. మూడిగెరె తోటల మధ్య బతికిన పూర్ణచంద్ర తేజస్వి గారి ‘కర్వాలో’ 1980 నాటిది. ఒక శాస్త్రవేత్త, తేనెటీగల మందణ్ణ, ఇంకొందరు కలిసి ఎగిరే తొండ కోసం అడవిలో వెతుకుతారు. మంత్రాలేవీ లేకుండానే ఒళ్లు జలదరిస్తుంది.

ఇక నేను చెప్పదలచుకున్న అసలు మాట. మా మనవరాలికి పదకొండేళ్లు. తెలుగు గలగలా మాట్లాడుతుంది, ఇంగ్లీషులో లావుపాటి పుస్తకాలు నమిలేస్తుంది. తెలుగు పేజీ ఇస్తే మాత్రం ఇందాకటి డిన్ కుర్రవాడిలా తల తిప్పేసుకుంటుంది. మీ ఇళ్లలో కూడా ఇదే కథ అని నాకు తెలుసు. మనం ఏం చేశాం? శతకాలు బట్టీ వేయించాం, సెలవుల్లో అక్షరమాల దిద్దించాం, ‘మాతృభాష రాకపోతే సిగ్గు కాదూ’ అని కోప్పడ్డాం. సిగ్గుతో పట్టుకున్న పుస్తకం ఎంతసేపు చేతిలో ఉంటుంది?

కిందటి వేసవిలో నేను రోజూ రాత్రి ‘తోకచుక్క’ చదివి వినిపించడం మొదలుపెట్టాను. సీరియల్ కాబట్టి ప్రతి భాగం ఏదో ప్రమాదం దగ్గరే ఆగుతుంది. పదో రోజున ప్రమాదం దగ్గర ఆపి, పుస్తకం టేబుల్ మీద వదిలేసి పప్పు తాలింపు పెట్టడానికి లేచాను. కాసేపటికి వంటింట్లోకి వచ్చి, ‘అమ్మమ్మా, ఇది కన్నడం క్ష లాగే ఉంది, క్షనేనా?’ అంది. ‘ఏకాక్షి’ అనే మాట తనంతట తానే కూడబలుక్కుంది!

నిజమే మరి. తెలుగు లిపీ కన్నడ లిపీ ఒకే పాత లిపిలోంచి చీలిన అక్కచెల్లెళ్లు. చాలా అక్షరాలు ఒకలాగే ఉంటాయి, తలకట్టు దగ్గర ముఖ్యమైన తేడా. బడిలో కన్నడం నేర్చుకున్న పిల్లకు తెలుగు సగం వచ్చినట్టే. హైదరాబాదులో పెరిగే పిల్లలకు లేని ఈ వెసులుబాటు బెంగళూరులో మన పిల్లలకుంది. మిగిలిన సగానికి కావలసింది తర్వాత ఏమైందో తెలుసుకోవాలనే దురద. ఆ దురద పుట్టించడంలో మాంత్రికులనూ డిటెక్టివులనూ మించినవాళ్లు లేరు. ఇప్పటికీ ఆ పిల్ల పేజీకి పావుగంట తీసుకుంటుంది, ఒత్తుల దగ్గర తడబడుతుంది. అయినా చదువుతోంది.

మా అల్లుడు మాత్రం, ‘ఇంగ్లీషులో ఇంతకంటే మంచివి దొరుకుతుంటే ఇదెందుకు అత్తయ్య గారూ?’ అంటాడు. న్యాయమైన ప్రశ్నే. పన్నెండు, పదిహేనేళ్ల పిల్లలకు సరిపడా కొత్త నవలలు తెలుగులో తగినన్ని రావడం లేదు. అనిల్ ఎస్. రాయల్ గారి లాంటివారు ఈ తరహా కథలు చక్కగా రాస్తున్నారు, కాని పిల్లలకు రోజులతరబడి తోడుండే లావుపాటి నవలలు కావాలి. అడిగేవాళ్లు లేకపోతే రాసేవాళ్లెక్కడినుంచి వస్తారు? చదివే పిల్లలు ముందు తయారైతే, రేపు ఈ అద్దాల మేడల సందుల్లో, మండే చెరువుల ఒడ్డున జరిగే తెలుగు నవల వాళ్లలోనే ఎవరో ఒకరు రాస్తారని నా ఆశ.

అందుకని ఒక చిన్న కోరిక. చందమామ 2010ల మొదట్లో ఆగిపోయింది, కాని పాత సంచికలు బైండు చేయించి దాచుకున్న ఇళ్లు మనలో ఉన్నాయి. అటక మీంచి దింపండి. రోజుకు ఒక భాగం, పదిహేను నిమిషాలు, గట్టిగా చదవండి. సరిగ్గా ప్రమాదం దగ్గర ఆపి, పుస్తకం పిల్లల చేతికందేచోట వదిలేసి లేవండి. వాళ్లు అడిగితే వెంటనే చెప్పేయకండి, అదొక్కటే నియమం.

మీ చిన్నప్పుడు మిమ్మల్ని నిద్రపోనివ్వని సీరియల్ ఏదో ఒక కార్డు ముక్క రాసి పంపండి. వచ్చే సంచికలో వాటి సంగతులు ముచ్చటించుకుందాం. అప్పటిదాకా సెలవు.