ఓపెన్ సోర్స్‌లో పాత సౌకర్యాలకు వీడ్కోలు: ముందస్తు నోటీసు ఎవరికి చేరుతోంది?

రాయ్‌పూర్: ఛత్తీస్‌గఢ్ రైతు తన భూమి రికార్డును నేడు ‘భుయియా’ పోర్టల్‌లో చూసుకుంటున్నాడు. రాష్ట్ర ప్రభుత్వ ఐటీ నోడల్ సంస్థ ‘చిప్స్’ రాయ్‌పూర్ కేంద్రంగా పనిచేస్తోంది. పౌరసేవలు ఇంతగా సాఫ్ట్‌వేర్‌పై ఆధారపడిన వేళ, అందులోని పాత భాగాలను ఎప్పుడు, ఎలా తొలగిస్తారన్నది నిపుణులకే పరిమితమైన విషయం కాదు.

ఈ-గవర్నెన్స్‌లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమివ్వాలని కేంద్రం 2015 మార్చిలో విధానం ప్రకటించింది. రాష్ట్రాలు కోరుకుంటే దానిని అనుసరించవచ్చు. లైసెన్సు రుసుము భారం తగ్గడం, కోడ్‌ను ఎవరైనా పరిశీలించగలగడం ఇందులోని లాభాలు. అయితే ఏ సౌకర్యాన్ని ఉంచాలో, దేనిని తీసివేయాలో నిర్ణయించేది ప్రాజెక్టు నిర్వాహకులు. వారిలో అనేకులు స్వచ్ఛందంగా పనిచేసేవారే.

ఈ తొలగింపునకు ముందు దశ ‘డెప్రికేషన్’. అంటే ఆ సౌకర్యం ప్రస్తుతానికి పనిచేస్తుంది, త్వరలో ఉండదు, ప్రత్యామ్నాయం చూసుకోవాలన్న ముందస్తు నోటీసు. పైథాన్ భాషలో సాధారణంగా కనీసం రెండు విడుదలల పాటు ఇలా హెచ్చరించిన తరువాతే తొలగించాలన్న నియమం ఉంది.

అయినా గడువులు సరిపోవడం లేదు. పైథాన్ 3 విడుదలైంది 2008లో. పైథాన్ 2కు మద్దతును 2015లో ముగించాలని తొలుత భావించినా, వినియోగదారులు సిద్ధం కాకపోవడంతో 2020 జనవరి 1 వరకు పొడిగించారు. 2019 జూన్‌లో 32-బిట్ ప్యాకేజీలను నిలిపివేస్తామన్న ఉబుంటు, పాత ఆటలు, అప్లికేషన్లు వాడేవారి నిరసనతో రోజుల వ్యవధిలోనే వెనక్కి తగ్గి, ఎంపిక చేసిన ప్యాకేజీలను కొనసాగించింది.

అలాగని అన్నింటినీ అట్టిపెట్టుకోవడమూ క్షేమం కాదు. జావా ప్రోగ్రాములు విస్తృతంగా వాడే లాగ్4జే లైబ్రరీలో 2013లో చేరిన ఒక సౌకర్యం, 2021 డిసెంబరులో ప్రపంచవ్యాప్త భద్రతా సంక్షోభానికి దారితీసింది. పాత వినియోగదారులకు ఇబ్బంది కలగరాదన్న ఆలోచనతోనే దానిని కొనసాగించామని నిర్వాహకుల్లో ఒకరు అప్పట్లో వివరించారు. చివరకు సందేశాల్లో ఆ సౌకర్యం పనిచేసే మార్గాన్ని అత్యవసరంగా తొలగించాల్సి వచ్చింది. నెమ్మదిగా జరగాల్సిన పని రోజుల్లో చేయవలసి రావడమే అసలు నష్టం.

నిర్వాహకులు నోటీసు ఇవ్వగలరు గానీ, దానిని చదివించలేరు. ప్రభుత్వ ప్రాజెక్టును నిర్మించిన కాంట్రాక్టరు గడువు ముగిసి వెళ్లిపోయాక, ఆ హెచ్చరిక సర్వర్ లాగ్‌లలోనే మిగిలిపోయే ప్రమాదముంది. కనుక టెండరులో నిర్మాణ వ్యయంతో పాటు ఏటా వెర్షన్ల నవీకరణకు నిధులు, వాడుతున్న భాగాల జాబితా, హెచ్చరికలను గమనించే బాధ్యుడైన అధికారి ఉండాలి. ఓపెన్ సోర్స్ ఉచితంగా లభించవచ్చు; దాని నిర్వహణ మాత్రం ఉచితం కాదు. ఆ ఖర్చును ముందే లెక్కించకపోతే, పోర్టల్ ఆగిన రోజున మూల్యం చెల్లించేది వరుసలో నిలబడిన పౌరుడే.