బొమ్మలు గీసే సర్వర్ మన హాస్టల్లోనే ఎందుకు నడవాలి

పోస్ట్ కొంచెం పొడుగుంది, ఓపిగ్గా చదవండి. తిట్టాలనిపిస్తే మొత్తం చదివాక తిట్టండి.

ప్లాంట్‌యూఎంఎల్ అని ఒక ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది. 2009 నుంచి ఉంది. మౌస్‌తో బాక్సులు గీసే పనిలేదు. మామూలు అక్షరాల్లో రాసిస్తే బొమ్మ అదే గీస్తుంది. ఒక స్టార్ గుర్తు పెట్టి తాత పేరు, రెండు స్టార్లు పెట్టి కొడుకుల పేర్లు, మూడు పెట్టి మనవళ్ళ పేర్లు లైన్ లైన్‌గా రాయండి. వంశవృక్షం తయారు. మన రికార్డుల్లో అడిగే యూఎంఎల్ బొమ్మలు కూడా ఇట్లనే వస్తాయి.

దీన్ని రెండు రకాలుగా వాడొచ్చు. పబ్లిక్ వెబ్‌సైట్‌లో రాసుకోవచ్చు, లేదా అదే సర్వర్‌ని మన కంప్యూటర్‌లో పెట్టుకోవచ్చు. మన సీనియర్ అన్నలు, అక్కలు కొందరు "వెబ్‌సైట్ ఫ్రీగా ఉంది గదా, మనకెందుకు ఈ తలనొప్పి, ముందు ఉద్యోగం చూసుకోండి" అంటున్నారు. వాళ్ళ మీద గౌరవం ఉంది. ఈ మాట మీద మాత్రం లేదు. ఎందుకో చెప్తా.

మొదటిది, మనం ఏం గీస్తున్నామో చూడండి. కాలేజీ రికార్డు కోసం లైబ్రరీ మేనేజ్‌మెంట్ బొమ్మ గీస్తే అది ఎక్కడ గీసినా ఒకటే, పబ్లిక్ సైట్ చాలు. కానీ మనోళ్ళు ఇప్పుడు వంశవృక్షాలు గీస్తున్నారు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. దాని కింద 2008లో వచ్చిన నియమాల్లో 13వ నియమం చదవండి. పోడు భూమికి చూపించే రుజువుల్లో వంశవృక్షం కూడా ఉంది. పాత భూమి రికార్డుల్లో పేరున్న మనిషికి మనం ఏమవుతామో చూపించే వంశవృక్షం అది. పెద్దమనుషులు చెప్పిన మాట రాసి పెడితే అదీ రుజువే. అంటే మనం గీసే ఆ బొమ్మలో తాతల పేర్లు, ఇంటిపేరు, గట్టు, ఎవరు ఎక్కడ పోడు కొట్టారు అనేది మొత్తం ఉంటుంది.

ఇప్పుడు ఆ సైట్ ఎట్లా పనిచేస్తుందో చూడండి. మనం రాసిన టెక్స్ట్ అంతా కుదించి బొమ్మ లింకులోనే పెడుతుంది. ఆ లింకు చూస్తే పిచ్చి అక్షరాల్లాగా ఉంటుంది, ఏదో తాళం వేశారనుకుంటాం. మూట కట్టడం వేరు, తాళం వేయడం వేరు. ఇది మూట మాత్రమే. ఆ లింకు ఎవరి చేతిలో పడ్డా మూట విప్పి లోపలున్న పేర్లన్నీ చదువుకోవచ్చు. నెట్ సెంటర్ కంప్యూటర్ హిస్టరీలో ఉండిపోతుంది, వాట్సాప్‌లో ఊరంతా తిరుగుతుంది. సైట్ నడిపేవాళ్ళు మోసం చేస్తున్నారని నేను అనట్లేదు. వాళ్ళు దాచింది కూడా ఏమీ లేదు. కానీ మన తాతల పేర్లు ఎవరి మిషన్ మీద ఉండాలో మనం నిర్ణయించుకోవాలి. జల్ జంగల్ జమీన్ అని గోడల మీద రాస్తాం, ఆ జమీన్ రుజువును మాత్రం ఊరూపేరూ తెలియని సర్వర్‌కి అప్పజెప్తామా?

రెండోది, అక్షరం. ఈ సర్వర్‌ని డాకర్ అనే పద్ధతిలో సిద్ధం చేసిన ప్యాకెట్ దొరుకుతుంది. అందులో చైనా, జపాన్, కొరియా అక్షరాలకి ఫాంట్ ముందే పెట్టి ఉంటుంది. తెలుగుకి లేదు. అట్లనే నడిపి పీఎన్‌జీ బొమ్మ తీస్తే తెలుగు పేర్ల చోట ఖాళీ డబ్బాలు వస్తాయి. దీంట్లో కుట్ర ఏమీ లేదు. ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో అవసరం ఉన్నవాడే ముందుకొచ్చి పెట్టుకుంటాడు. సర్వర్ మనదైతే నోటో తెలుగు ఫాంట్ ఆ ప్యాకెట్‌లో కలుపుకోవడం చిన్న పని. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు వచ్చింది, దానికీ నోటో ఫాంట్ ఉంది. ఆ లిపి మన బొమ్మలో ఎట్లా వస్తుందో పెట్టి చూసే వీలు మన సర్వర్ మీదే ఉంటుంది. వేరేవాళ్ళ సర్వర్‌కి అర్జీ పెట్టుకోవాలి. అర్జీలు పెట్టడం మనకు కొత్త కాదు, జవాబు రాకపోవడం కూడా కొత్త కాదు.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. మా కాలేజీలో ఒక సార్ "మీ హాస్టల్ బ్యాచ్‌కి ఇవన్నీ ఎందుకు, బొమ్మలు బయట చేయించుకొని అంటించండి" అన్నారు. మనలో చాలామంది నిజంగానే డబ్బులిచ్చి చేయించుకుంటున్నారు. స్కాలర్‌షిప్ డబ్బు అట్లా పోతోంది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. పోర్ట్ అంటే ఏంది, ఐపీ అంటే ఏంది అని అడగడానికి ఇంట్లో అన్న లేడు, బాబాయి లేడు. మీలో చాలామందిదీ ఇదే పరిస్థితి. ఒక సర్వర్ మన చేత్తో నిలబెడితే ఇవన్నీ పుస్తకం లేకుండా వస్తాయి.

పని ఎంత అంటారా? ఆఫీసు రూమ్ మూలన పడేసిన పాత డెస్క్‌టాప్ చాలు. వార్డెన్‌ని అడిగి తీసుకోండి. లినక్స్ వేయండి, డాకర్ వేయండి. నెట్ బాగున్న చోట ప్యాకెట్ ఒకసారి దించుకొని ఫైల్‌గా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. ఉట్నూరు అయినా పాడేరు అయినా ఇక నెట్ లేకుండా ఎక్కించొచ్చు. 8080 పోర్ట్ మీద నడుస్తుంది. హాస్టల్ వైఫైలో ఉన్న ఎవరి ఫోన్ బ్రౌజర్‌లో అయినా ఆ కంప్యూటర్ ఐపీ, దాని పక్కన 8080 కొడితే తెరుచుకుంటుంది.

సెట్టింగులు నాలుగు మర్చిపోవద్దు. ఒకటి, కరెంటు పోయి వచ్చాక దానంతట అదే మొదలయ్యేటట్టు రీస్టార్ట్ ఆప్షన్ పెట్టాలి. రెండు, రౌటర్‌లో ఆ కంప్యూటర్‌కి ఐపీ ఖాయం చేయాలి, లేకపోతే అడ్రస్ మారిపోతుంది. మూడు, బొమ్మ సైజు మామూలుగా 4096 పిక్సెళ్ళ దగ్గర ఆగిపోతుంది. ఏడు తరాల చెట్టు గీస్తే చివరి కొమ్మలు కోసేసినట్టు పోతాయి, కాబట్టి లిమిట్ సైజ్ 8192కి పెంచాలి. నాలుగు, సెక్యూరిటీ ప్రొఫైల్ సాండ్‌బాక్స్ అని పెట్టాలి. అప్పుడు ఎవరు ఏం రాసినా సర్వర్‌లోని వేరే ఫైళ్ళని ఆ బొమ్మ ముట్టుకోలేదు, బయట లింకులకూ పోలేదు. ఇంకో మాట, దీనికి లాగిన్ ఉండదు. అందుకే హాస్టల్ వైఫై దాటి బయట ఇంటర్నెట్‌కి తెరవొద్దు. తెరిస్తే నేను పైన చెప్పిందంతా వేస్ట్.

"చేసినోడు చదువైపోయి వెళ్ళిపోతే ఎవరు చూస్తారు?" అని ఒక అక్క అడిగింది. న్యాయమైన ప్రశ్న. చాలా పనులు మన దగ్గర అట్లనే ఆగిపోయాయి. దీనికి మందు సాఫ్ట్‌వేర్‌లో లేదు. ప్రతి ఏడాది ఫస్ట్ ఇయర్ నుంచి ఇద్దరిని కూర్చోబెట్టాలి, అందులో ఒకరు చెల్లెళ్ళ హాస్టల్ నుంచి ఉండాలి. చేసిన ప్రతి పనీ తెలుగులో ఒక నోట్‌బుక్‌లో రాయాలి. కొత్తవాళ్ళు ఆ నోట్‌బుక్ చూసి మొత్తం తీసేసి మళ్ళీ నిలబెట్టగలగాలి. అది వాళ్ళకి పరీక్ష.

"ఉద్యోగం ముందు" అనే అన్నలకి ఒకటే ప్రశ్న. ఇంటర్వ్యూలో "సర్వర్ ఎప్పుడైనా నడిపావా" అని అడిగితే వెబ్‌సైట్ వాడినోడు ఏం చెప్తాడు?

సెలవులకి ఊరెళ్ళేలోపు ఒక్కో హాస్టల్ నుంచి ఇద్దరి పేర్లు కింద రాయండి. పెన్‌డ్రైవ్ నేను నింపి పెడతా. ఊళ్ళో పెద్దోళ్ళ దగ్గర కూర్చొని పేర్లు కాగితం మీద రాసుకొని రండి. బొమ్మ మన సర్వర్ మీద, మన అక్షరాల్లో గీద్దాం.

జోహార్.