అట్ట మీద బొమ్మ ఎవరిది? లోపల గొంతు ఎవరిది?

కళ్ళు మూసుకుని మీకిష్టమైన పాట ఒకటి మనసులో పాడుకోండి. ఎవరు కనిపించారు? పాడినవాళ్ళా, తెర మీద పెదవులు కదిపినవాళ్ళా? హీరోనో, హీరోయినో కనిపించి వుంటారు. అవునా?

ఇందులో మీ తప్పేమీ లేదు లెండి. మనకి పాటని అమ్మిందే ఆ బొమ్మతో! పాత గ్రామఫోన్ రికార్డులు పోగుచేసే సరదా ఒకటి వుంది నాకు. నా దగ్గరున్న అట్టలు చూస్తే ముందువైపు నిండా ఎన్టీఆర్, ఏయన్నార్. వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో ఘంటసాల, పి. సుశీల. అదే ఘంటసాల గొంతు ఒక అట్ట మీద రాముడి మొహం పెట్టుకుంటే, ఇంకో అట్ట మీద దేవదాసు మొహం పెట్టుకుంది. మనకదేమీ ఎబ్బెట్టుగా అనిపించలేదు.

కానీ మనం ఇంత మామూలుగా తీసుకున్న సంగతే పాశ్చాత్య దేశాల్లో గొప్ప రభస అయి కూర్చుంది. ఆ కథ వినండి.

జర్మనీలో ఫ్రాంక్ ఫారియన్ అనే సంగీత నిర్మాత వుండేవాడు (2024లో పోయాడు). మన దేశంలో కూడా ఓ వూపు వూపిన 'బోనీ ఎమ్' బృందం ఈయన సృష్టే. అందులో మెరుపుల దుస్తుల్లో గంతులేసే బాబీ ఫారెల్ గుర్తున్నాడా? రికార్డుల్లో ఆ బొంగురు మగగొంతు అతనిది కాదు, సాక్షాత్తూ ఫారియన్‌దే! ఆటగాడు ముందు, పాటగాడు వెనక. ఆ కిటుకు బాగా పారింది. పారిన కిటుకుని ఎవరు మాత్రం వదులుకుంటారు?

1981లో అమెరికాలో ఎమ్‌టీవీ మొదలయ్యాక పాట వినేదే కాదు, చూసేది కూడా అయింది. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' వీడియో 1983లో వచ్చి ఆ ముచ్చట ఎంతదాకా పోగలదో చూపించింది. (ఆ వీడియో ధాటి మన 'దొంగ' సినిమాదాకా వచ్చింది. 1985లో చిరంజీవిగారు దయ్యాల మధ్య వేసిన స్టెప్పులు ఇప్పటికీ ప్రపంచమంతా చూసి నవ్వుకుంటూ, మెచ్చుకుంటూ వుంది.) అయితే జాక్సన్ పాడేదీ ఆయనే, ఆడేదీ ఆయనే. అలాంటివాడు దొరకనప్పుడు ఏం చెయ్యాలి?

ఫారియన్ దగ్గర మంచి గొంతులున్నాయి. చార్లెస్ షా, జాన్ డేవిస్, బ్రాడ్ హోవెల్. వీళ్ళ పాట బ్రహ్మాండం. కానీ వీళ్ళ వాలకం వీడియోకి పనికి రాదనుకున్నాడు. రాబ్ పిలాటస్, ఫాబ్ మోర్వన్ అనే ఇద్దరు నాట్యగాళ్ళని తెచ్చాడు. పొడుగాటి జడలు, వెడల్పు భుజాల కోట్లు, చూడముచ్చటైన మొహాలు. ఆ జంటకి పేరు 'మిల్లీ వనిల్లీ'. 1989లో అమెరికాలో ఆల్బమ్ విడుదలైంది. మూడు పాటలు అక్కడి పట్టికలో మొదటి స్థానానికెక్కాయి. 1990లో ఉత్తమ కొత్త కళాకారులుగా గ్రామీ అవార్డు. అట్ట మీద గాయకులుగా అచ్చయిన పేర్లు కూడా రాబ్, ఫాబ్‌లవే!

అంతకుముందే 1989 వేసవిలో కనెక్టికట్‌లో ఒక ప్రదర్శనలో కొంప మునిగింది. వెనక మోగుతున్న రికార్డింగు ఇరుక్కుపోయి ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ వినిపించడం మొదలైంది. రాబ్ వేదిక దిగి పరుగెత్తాడు. చిత్రమేమిటంటే ఆ రోజు జనం పెద్దగా పట్టించుకోలేదు! చివరికి, తర్వాతి ఆల్బమ్‌లో మేమే పాడతాం అని ఆ కుర్రాళ్ళు పట్టుబట్టడంతో, 1990 నవంబరులో ఫారియనే బయటపడి అసలు సంగతి చెప్పేశాడు. గ్రామీ వెనక్కి పోయింది. రికార్డు కొన్నవాళ్ళు కోర్టుకెక్కితే కొంత సొమ్ము తిరిగిచ్చే ఏర్పాటయింది. లోకమంతా ఆ ఇద్దర్నే వేళాకోళం చేసింది. రాబ్ 1998లో మత్తుపదార్థాల పాలై చనిపోయాడు. 1991లో అసలు గాయకులతో వేసిన ఆల్బమ్‌కి ఆ పాత వైభవం రానేలేదు. ఆ గొంతులే వున్నా ఆ మొహాలు లేవుగా!

ఇప్పుడు మనవైపు రండి. పెదవులు కదపడమే నేరమైతే మన హీరోలందర్నీ బోనెక్కించాలి. 'శంకరాభరణం'లో శంకరశాస్త్రి సోమయాజులుగారు, గొంతు బాలుగారిది. జాతీయ అవార్డు బాలుగారికొచ్చింది, ఎవరూ మోసం అనలేదు. ఎందుకని? పేరు దాచలేదు గనక. అట్ట వెనక చిన్న అక్షరాలే అయినా వున్నాయి. అంతకుమించి మనకి రేడియో వుంది. ప్రతి పాటకీ ముందు చిత్రం, రచన, సంగీతం, గానం అంటూ వివిధభారతి చెప్పిన ఆ నాలుగు మాటలే ఘంటసాలనీ, జానకినీ ఇంటిమనుషుల్ని చేశాయని నా నమ్మకం. అట్ట హీరోని అమ్మింది, రేడియో గాయకుణ్ణి పరిచయం చేసింది.

ఆ రేడియో వినేవాళ్ళిప్పుడు తగ్గారు. ఫోన్‌లో ముప్ఫై సెకన్ల ముక్క వింటాం, గానం ఎవరో చెప్పే నాథుడుండడు. మరోపక్క లిరికల్ వీడియోలు వచ్చి గాయకుణ్ణి తెర మీదికి లాక్కొచ్చాయి. 2019లో 'అల వైకుంఠపురములో' చిత్రానికి ముందుగా 'సామజవరగమన' వదిలినప్పుడు అందులో సిద్ శ్రీరామ్‌నీ, తమన్‌నీ చూపించారు. సినిమా రాకముందే కుర్రకారుకి సిద్ మొహం కంఠతా వచ్చేసింది. నాకు భలే సంతోషం వేసింది. వెనక అట్ట ముందుకి తిరిగిందన్నమాట!

కానీ ఒక బెంగ కూడా వుంది. ఫారియన్ వేసిన ప్రశ్న, 'గొంతు సరే, వాలకం సంగతేమిటి?' అన్నది, మన స్టూడియోల గుమ్మంలోకీ వచ్చింది. నాకు తెలిసిన ఒక కొత్త గాయని వుంది, పేరెందుకు లెండి. మొన్న ఒక పాటకి పిలుపొచ్చిందిట.

"ఏ శ్రుతిలో పాడాలని అడిగానన్నా," అంది నాతో. "అది వచ్చాక చూద్దాంలే, ముందు రెండు మూడు జతల బట్టలు తెచ్చుకో అన్నారు."