తాత ముందా, తండ్రి ముందా?

ఆళ్లగడ్డ దగ్గరి ఒక పల్లె నుంచి ఎనభై దాటిన ఒక తల్లి, ఆమె కూతురు ఫరాయిజ్ మసలా అడగడానికి మా వద్దకు వచ్చారు. కూతురి తాత, తండ్రి ఇద్దరూ 1963లోనే కన్నుమూశారు. ఎవరు ముందు పోయారన్నదే తగాదా. చాచా కొడుకులు, "మీ అబ్బా ముందు పోయాడు, దాదా తర్వాత పోయాడు, మీకు వాటా లేదు" అంటున్నారు. తల్లి మాత్రం, "మా మామ జనాజా జుమా నమాజు తర్వాత లేచింది. ఆ రోజుకు మా ఆయన నంద్యాల ఆసుపత్రిలో ప్రాణాలతో ఉన్నాడు" అంటుంది. అరవై ఏళ్ల నాటి మాట. సాక్షులు ఒక్కరూ మిగల్లేదు.

ఫరాయిజ్ చదివిన వారికి ఇది కొత్త ప్రశ్న కాదు. మృతునికి ఒక్క కొడుకైనా బతికి ఉంటే, అంతకు ముందే చనిపోయిన మరో కొడుకు సంతానానికి వారసత్వం రాదు. వారి కోసం తాత తన ఆస్తిలో మూడో వంతు మించకుండా వసీయత్ చేయవచ్చు. చేసే తాతలు ఎందరున్నారన్నది వేరే మాట! అదే కొడుకు, తండ్రి తర్వాత ఒక్క గంట బతికినా వారసుడే. అతని వాటా అతని భార్యాబిడ్డలకు దిగుతుంది. దీనినే మునాసఖా అంటారు. ఈ ఇంట్లో తాతకు ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. దాదీ అప్పటికే లేదు. ఆస్తిని ఐదు పాళ్లు చేస్తే పెద్ద కొడుక్కి రెండు పాళ్లు. అందులో భార్యకు ఎనిమిదో వంతు, ఒక్కగానొక్క కూతురికి సగం, మిగిలినది తోబుట్టువులకు. లెక్క తేలిస్తే ఆ కూతురికి మొత్తం ఆస్తిలో ఐదో వంతు వస్తుంది. తారీఖు ఇటుదైతే ఐదో వంతు, అటుదైతే ఏమీ లేదు.

మరణ తేదీని పదిలపరచడం మన పెద్దలకు తెలియని విద్య కాదు. హదీసు పండితులు ఉల్లేఖకుల పుట్టుక, మరణ సంవత్సరాలు రాసిపెట్టుకున్నారు. ఫలానా వ్యక్తి ఫలానా గురువు దగ్గర విన్నానంటే, గురువు చనిపోయేనాటికి ఇతని వయసెంత అని చూసేవారు. లెక్క కుదరకపోతే ఆ ఉల్లేఖనాన్ని పక్కన పెట్టేవారు. హిజ్రీ ఏడో శతాబ్దంలో ఇబ్నె ఖల్లికాన్ ప్రముఖుల చరిత్రలు రాస్తూ తన గ్రంథానికి 'వఫయాత్' అనే పేరు పెట్టారు. వఫాత్ అంటే మరణమే. బంధుత్వాలు నిలుపుకోవడానికి కావలసినంత మేరకు వంశం తెలుసుకోమని మహాప్రవక్త (స) బోధించారు. అటువంటి సముదాయంలో పర్‌దాదా పేరు అడిగితే ముఖముఖాలు చూసుకునే ఇళ్లే ఈనాడు ఎక్కువ.

ఇక ఆ తల్లీకూతుళ్ల సంగతి. ముందు పల్లె రికార్డు వెతికించారు. మరణం ఎక్కడ జరిగితే అక్కడి పుస్తకంలోనే ఎక్కుతుంది, సొంత ఊరి పుస్తకంలో కాదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. ఆళ్లగడ్డ మనిషి నంద్యాల ఆసుపత్రిలో పోతే నంద్యాల పురపాలక సంఘంలో వెతకాలి, కర్నూలు పెద్దాసుపత్రిలో పోతే కర్నూలులో వెతకాలి. నంద్యాలలో వెతికిస్తే కొడుకు పేరు కనబడింది: 1963 డిసెంబరు 9. తాత పేరు మాత్రం ఎక్కడా లేదు. అప్పట్లో పల్లెల్లో జనన మరణాలు మున్సబు రాసేవాడు. ఎవరైనా వెళ్లి చెబితేనే రాసేవాడు. ఈ ఇంట్లో ఎవరూ చెప్పినట్టు లేదు.

చివరికి ఆధారం మసీదులో దొరికింది. పాత ముఅజ్జిన్ ఒకరు ఖబ్రస్తాన్ కోసం ఉర్దూలో రాసుకున్న నోటు పుస్తకంలో తాత పేరు, 'రజబ్ 12, 1383' అనే తేదీ ఉన్నాయి. మేము తఖ్వీమ్ ముందు పెట్టుకుని లెక్క కట్టాము. అది 1963 నవంబరు 29. వారం చూస్తే శుక్రవారం! ఆ తల్లి జుమా అని చెప్పిన మాట అక్షరాలా నిజమైంది. నెలవంక వల్ల ఒక రోజు అటూ ఇటూ అయినా, పది రోజుల తేడాను ఎవరూ చెరపలేరు. చాచా కొడుకులు నోటు పుస్తకం, నకలు రెండూ చూసి పంపకానికి ఒప్పుకున్నారు.

ఆస్తి తగాదా లేని ఇళ్లకు కూడా ఈ పుస్తకాలతో పని ఉంది. మద్రాసు రాష్ట్రంలో జనన మరణాల నమోదుకు 1899లోనే చట్టం వచ్చింది. మన ప్రాంతం 1953 దాకా ఆ రాష్ట్రంలోనే ఉంది. అయితే వెతికేవారికి ఓపిక కావాలి. ఆళ్లగడ్డ వైపు పల్లెలు ఒకప్పుడు సిరివెళ్ల తాలూకాలో ఉండేవి. 1984లో మున్సబు, కరణాల పదవులు రద్దయ్యాయి, తర్వాత తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2022లో నంద్యాల జిల్లా అయింది. ఇన్నిసార్లు చేతులు మారిన కట్టలు ఎక్కడ ఉన్నాయో అడిగి తెలుసుకోవాలి. పేర్లతో మరో తంటా. షేక్, సయ్యద్, పఠాన్ అనేవి ఊరంతటికీ ఉంటాయి కనుక తండ్రి పేరు లేనిదే మనిషి తేలడు. మన పేర్లను గుమాస్తా చెవికి వినబడినట్టు రాశాడు. మహబూబ్ కాస్తా మాబు అవుతాడు, హుసేన్ ఉసేను అవుతాడు. స్త్రీలకైతే చాలాచోట్ల పేరే ఉండదు, ఫలానా సాహెబు భార్య అని ఉంటుంది.

పెద్దల నోట వచ్చే గుర్తులను తోసిపుచ్చకండి. "ధాత కరువు" అంటే 1876 నాటిది. "పెద్ద జ్వరాల ఏడు, పీర్ల పండుగ నెలలో" అంటే వెతకవలసింది 1918 అక్టోబరు. హిజ్రీ 1337 ముహర్రం ఆ నెల మొదటి వారంలోనే మొదలైంది, ఇన్‌ఫ్లుయెంజా మన రాష్ట్రాన్ని ఊడ్చిపెట్టిందీ ఆ రోజుల్లోనే. పాత పుస్తకాలలో ఇలాంటి చావులకు కారణం 'జ్వరం' అని ఒక్క ముక్క ఉంటుంది. దొరల లెక్క వేరు. మద్రాసులో ఖననమైన ఐరోపా క్రైస్తవుల జాబితాల నకళ్లు లండను చేరాయి, నేటికీ అక్కడ భద్రంగా ఉన్నాయి. మన వారి పేర్లున్న పుస్తకం ఒక్కటే ప్రతి, అదీ చెదల నోట్లో.

1969 నాటి చట్టం ప్రకారం ఎవరైనా రుసుము కట్టి పుస్తకం వెతికించి నకలు తీసుకోవచ్చు. మరణ కారణం మాత్రం నకలులో ఇవ్వరు. పేరు లేకపోతే లేదని ధ్రువపత్రం అడగాలి. ఉత్త చేతులతో తిరిగి రాకూడదు. ఇంటి దగ్గర జరిగిన మరణాన్ని 21 రోజుల లోపల ఇంటివారే చెప్పాలి. మూడో నాటి జియారత్‌కు, నలభయ్యో దినానికి మధ్యన పడే గడువు ఇది. ఆ ఆచారాల మంచిచెడ్డలు ఇక్కడ చర్చించబోము. వాటికి డేగిషాలు, వంటవాళ్లు సమకూరుతున్నారు, నమోదుకు మాత్రం ఇంట్లో మనిషి దొరకడం లేదు. ముఖ్యంగా అవ్వలు పోయినప్పుడు, "ఆమె పేరున ఏముంది గనుక" అని వదిలేస్తున్నారు. ఆమెకు పుట్టింటి వాటా ఉందని అప్పుడు ఎవరికీ గుర్తు రాదు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబరు నుంచి ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు, జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు వచ్చింది.

ఆ తాత మరణం ఇప్పటికీ సర్కారు పుస్తకంలో లేదు. మసీదు నోటు పుస్తకం నకలు జతచేసి మనుమరాలు అర్జీ రాయించుకుంటోంది.